కిజీ దీవిలో కాకి ముద్ద

చింతాద్రిపేటలో ఎవరైనా "రష్యా ఎట్లుండె కనకక్కా?" అని అడిగితే చాలు, కనకవల్లికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నీళ్ళ లారీ దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు అడిగారు. పాలు పోసేవాడు అడిగాడు. వీధి మొన పూలమ్మే ముసలామె అయితే "నాకు పిడికెడు మంచన్నా తెస్తివా మే?" అని నవ్వింది.

"తడి గోడలు చూస్తిని, బాతుల పొట్టలు చూస్తిని. చాలునా?" అని బిందె చంకనెత్తుకుని కనకవల్లి వెళ్ళిపోతుంది.

అది వెటకారం కాదు, నిజం. ఓడలో ఆమెకిచ్చిన వంటగది అన్నిటికన్నా కింది అంతస్తులో ఉంది. దానికి పళ్ళెమంత గుండ్రటి కిటికీ ఒక్కటి. నది ఆ కిటికీ అంచును ఒరుసుకునే పారేది. మాస్కోలో ఎక్కింది మొదలు పీటర్స్‌బర్గ్‌లో దిగేదాకా ఆమెకు కనిపించిన రష్యా దాదాపు అంతే. నీళ్ళు, నీళ్ళ మీద బాతులు, నది మెట్టు దిగే చోట ఓడను తలుపుల మధ్య నిలబెట్టి నీళ్ళు వదిలినప్పుడు నాచు పట్టిన సిమెంటు గోడ. పైన జనం ఓడ కిందికి దిగుతున్న వింతను ఫోటోలు తీసుకుంటుంటే కింద ఆమె చింతపండు పిసుకుతూ ఉండేది.

కనకవల్లిది యాత్రల వంట. జనార్దనం అనే అతను మొదట్లో కాశీ, గయలకు రైల్లో జనాన్ని తీసుకుపోయేవాడు. ఎక్కడికి పోయినా మనవాళ్ళకు సాంబారన్నం, పెరుగన్నం కావాలి కదా, అందుకని పాత్రలతో సహా కనకవల్లిని తీసుకుపోయేవాడు. కాశీకి ఆమె ఎన్నిసార్లు పోయిందో ఆమెకే గుర్తులేదు. గంగలో మునిగింది మాత్రం ఒక్కసారి. మిగతా అన్నిసార్లూ జనం స్నానానికి పోయిన వేళే పొంగలి దించాల్సిన వేళ అయ్యేది. జనార్దనం వ్యాపారం పెరిగి కాశీ నుంచి సింగపూరుకి, సింగపూరు నుంచి రష్యా నదుల దాకా పోయింది. కనకవల్లి మాత్రం పొయ్యి దగ్గరే ఉంది.

ఇన్నేళ్ళలో ఏ ఊరు పోయినా మొగుడు మునిరత్నం ఆమెను ఏమీ తెమ్మనలేదు. ఈసారి మాత్రం అడిగాడు.

మునిరత్నం వడ్రంగి. ఒక కొయ్యలో గూడు తొలిచి, ఇంకో కొయ్యకు నాలుక చెక్కి, రెండింటినీ ఒకదాన్లోకి ఒకటి దింపి తలుపు చట్రం బిగించే పని తండ్రి దగ్గర నేర్చాడు. ఇప్పుడా పని అడిగేవాళ్ళు లేరు. రోజూ షోళింగనల్లూరు పోయి, ఐటీ వాళ్ళ అపార్ట్‌మెంట్లలో ప్లైవుడ్ బీరువాలకు మిషన్‌తో స్క్రూలు దించి వస్తాడు. "నేను ఆశారినా, టైలరునా? గుండీలు కుట్టినట్టుండాది" అని సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ గొణుక్కుంటాడు.

జనార్దనం పంచిన రంగుల కాగితం మీద ఒక చర్చి బొమ్మ ఉంది. నేల నుంచి కొన దాకా కొయ్యే. ఒక గుమ్మటం మీద ఇంకో గుమ్మటం, తేనెపట్టులా. కిజీ అనే దీవిలో ఉందట. మానుల మీద మానులు పేర్చి, గోడలకు మేకు కొట్టకుండా కట్టారని జనార్దనం చెప్పాడు. మునిరత్నం కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని దీపం కిందికి తీసుకుపోయాడు.

"మేకు లేకుండానా? మూలలు ఎట్ల కలిపినారు మే?"

"ఫోటోలు తీసుకొస్తారు గదా, చూసుకోయ్యా."

"ఫోటో తీసేవాడు ఎదురుగా నిలబడి గుమ్మటాలే తీస్తాడు. మూల ఎవడు తీస్తాడు? నువ్వు దగ్గరికి పోయి చూడు. చెయ్యి పెట్టి చూడు. పై మాను కడుపు తొలిచినారా, కింది మాను వీపు తొలిచినారా, అది చూసిరా. వీపు తొలిస్తే గుంతలో వాన నీళ్ళు నిలబడిపోతాయి, కుళ్ళిపోద్ది. మరి ఇన్నేళ్ళు ఎట్ల నిలబడె?"

పెళ్ళయినప్పటి నుంచి ఆయన అంత ఆశగా ఏదీ అడగడం కనకవల్లి చూడలేదు. వెంటనే జనార్దనానికి ఫోను చేసింది.

"తంబీ, ఆ కొయ్య గుడి కాడ ఒక్క పూట నాది. ఒప్పుకుంటేనే వస్తా."

"నీ పూట నీదే అక్కా. అమ్మతోడు."

ఓడెక్కాక ఆమె ఆ పూట కోసమే మిగతావన్నీ వదులుకుంది. ఉగ్లిచ్ అనే పాత ఊరు వచ్చిన రోజు ఏకాదశి, పెద్దవాళ్ళకు అన్నం బదులు దోసెలు కావాలి. చలికి పిండి పొంగలేదు. అందరూ దిగి ఎర్ర గోడల చర్చి చూస్తుంటే ఆమె పిండి గిన్నెకు దుప్పటి చుట్టి, పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. యరొస్లావ్ల్‌లో పెద్ద నది ఒడ్డున సంగీతం వాయిస్తున్నారని చెప్పి జనం ఆలస్యంగా వచ్చారు. వచ్చీ రాగానే ఆకలన్నారు. గొరిత్సి అనే పల్లెలో ఆడవాళ్ళు ఊలు మేజోళ్ళు అల్లి అమ్ముతారట. ఆ రోజు వాన. తడిసి వచ్చిన వాళ్ళందరికీ మిరియాల రసం కావాల్సి వచ్చింది, దాంతో బజ్జీలు కూడా. పోనీలే, నాది కిజీ గదా అనుకుంది కనకవల్లి.

కిజీ చేరే రోజు పొద్దున్నే వెంకటసుబ్బారావు చేతిలో ఒక కాగితం ముక్క పట్టుకుని వంటగది మెట్లు దిగి వచ్చాడు. ఆయన బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు మొరాయిస్తున్నా భార్య శారదాంబతో వచ్చాడు. ఇంట్లో గోడ క్యాలెండరు నుంచి ప్రయాణం రోజుల కాగితాలు ముందే చించి పెట్టెలో తెచ్చుకున్నాడు. జనార్దనం అక్కడే పాలపొడి డబ్బాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"జనార్దనం, ఇవాళ ఆడి అమావాస్యయ్యా. తేదీలు పెట్టేటప్పుడు చూసుకోవద్దూ?"

"టికెట్లు దొరికిన తేదీలు సార్ అవి."

"మా నాన్నగారికి తర్పణం వదలందే నా గొంతులో ముద్ద దిగదు."

ఆయన వెనకే ఇంకో అయిదారుగురు పెద్దవాళ్ళు నిలబడ్డారు. అందరికీ తండ్రులు ఒక్కసారే గుర్తొచ్చారు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా పప్పు, గారెలు, పాయసం, అరటికాయ కూర కావాలి. జనార్దనం కనకవల్లి వంక చూడకుండానే అన్నాడు.

"అక్కా, ఈ ఒక్క పూట..."

"ఇది నా పూట గదా తంబీ."

"పీటర్స్‌బర్గ్‌లో రెండు పూటలిస్తా. రాజులుండిన పెద్ద పెద్ద అరమనలు."

"ఆడ కొయ్య గుడి ఉండాదా?"

జనార్దనం పాలపొడి డబ్బా మూత బిగించడంలో మునిగిపోయాడు.

"సారుకు పుణ్యం, నాకు అరటికాయ" అనుకుంటూ ఆమె తలస్నానం చేసి వచ్చింది. రష్యాలో అరటికాయ ఎక్కడిది? పండ్ల బుట్టలో ఇంకా పచ్చి వదలని అరటిపళ్ళు ఏరి చెక్కు తీసింది. గారెల పిండి రుబ్బుతుంటే కిటికీలో నీళ్ళు ఆగిపోయాయి. ఓడ దీవికి ఆనుకుంది. కుర్రవాళ్ళు, నడవగలిగిన వాళ్ళు గైడు వెంట బిలబిలమంటూ దిగిపోయిన చప్పుడు ఆమె తల మీదే వినిపించింది.

వంట అయింది, తర్పణాలూ అయ్యాయి. ఇక కాకికి ముద్ద పెట్టాలి. కాకి ముట్టందే పెద్దవాళ్ళు ముట్టరు. వెంకటసుబ్బారావు పై అంతస్తులో ముద్ద పెట్టిన క్షణంలోనే తెల్ల నీటిపక్షులు నాలుగు వచ్చి దాన్ని ఎత్తుకుపోయాయి.

"అవి కాకులు కావు" అన్నాడొకాయన.

"ఆకలి కాకిదైతేనేం, కొంగదైతేనేం?" అంది శారదాంబ.

"నువ్వు ఊరుకో. నాన్నగారు కొంగ రూపంలో వస్తారా?"

దీవి మీద కాకులున్నాయని, కాకపోతే సగం బూడిద రంగువని ఓడ మనిషి ఒకతను చేతులతో చూపించి చెప్పాడు. బూడిద కాకి కాకి అవుతుందా కాదా అని కాసేపు వాదన జరిగింది. చివరికి అవుతుందని తేల్చారు. వెంకటసుబ్బారావు ఇంకో ముద్ద చేసి పళ్ళెంలో పెట్టి కనకవల్లి చేతికిచ్చాడు.

"నా చెయ్యి తగిలిందిగా, చాలు. గట్టు మీద పెట్టు తల్లీ. మా కళ్ళ ముందే ఉండు. అది తినగానే ఈ తువ్వాలు ఊపు, మేం కూర్చుంటాం."

అలా ఓడెక్కాక మొదటిసారి ఆమె నేల మీద కాలు పెట్టింది.

నేల మెత్తగా ఉంది. గడ్డి మోకాలి దాకా ఉంది. దూరంగా, నడిస్తే అంత దూరమేమీ కాదు, ఆ చర్చి కనిపించింది. కాగితం మీద ఉన్నట్టే ఉంది, గుమ్మటాలు వెండి పొట్టు అంటించినట్టు మెరుస్తున్నాయి. కాళ్ళు అటే లాగాయి. కానీ చేతిలో పళ్ళెం, వెనక ఓడ మీద వరసగా నిలబడిన ఆకలి ముఖాలు. గట్టు మీద చిన్న కొయ్య కొట్టం ఒకటుంటే దాని అవతలి పక్కన ముద్ద పెట్టి, తను మూల దగ్గర నిలబడి "కా, కా" అని పిలిచింది. చెన్నపట్నంలో అయితే ఈపాటికి పది కాకులు కొట్లాడుకునేవి. ఇక్కడ గాలి తప్ప ఏదీ రాలేదు. చింతాద్రిపేట కాకులను తల్చుకుని మొదటిసారి దిగులు పడింది.

ఎంతసేపటికో ఒకటి వచ్చింది. తల నలుపు, రెక్కలు నలుపు, మధ్యలో బూడిద చొక్కా. అటూ ఇటూ చూసి ముద్దలో ముక్కు పెట్టి, నిదానంగా అంతా తినేసింది.

చూసింది ఆమె ఒక్కతే. ముద్దకు కొట్టం చాటయింది కాబట్టి ఓడ మీద వాళ్ళకు ఆమె తప్ప కాకి కనిపించలేదు. తువ్వాలు ఊపకపోతే? కాకి ఈడ రాలేదు, గుడి కాడ వెతుకుతా అని సైగ చేసి నడిచిపోతే ఎవరు కాదంటారు? చెయ్యి పెట్టి చూసి వచ్చేయొచ్చు. తువ్వాలు పిడికిట్లో బిగించి రెండడుగులు వేసింది కూడా. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఓడ మీద అందరూ నిలబడే ఉన్నారు, శారదాంబ మాత్రం కుర్చీలో కూలబడి ఉంది. ఆమెకు చక్కెర జబ్బు. పొద్దున సూది వేసుకుంది. మొగుడు తినందే తను తినదు. ఇంకా ఆలస్యమైతే కళ్ళు తిరిగి పడిపోతుందని కనకవల్లికి తెలుసు.

"నీ నోట్లో మన్ను పడ" అంది. అన్నది కాకినో, జనార్దనాన్నో, తననో. తువ్వాలు ఎత్తి ఊపింది.

తిరిగి వస్తూ కొట్టం మూల మీద చెయ్యి పెట్టింది. మానులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడుకుని, ఒకదాన్నొకటి కరిచి పట్టుకున్నాయి. సందుల్లో నాచు కూరి ఉంది. "అక్కా, ఆకులు వేసేశారు!" అని పైనుంచి జనార్దనం అరిచాడు. కాకి లేచి, ఆమె తల మీదుగా ఎగిరి తిన్నగా చర్చి గుమ్మటం మీదికి పోయి కూర్చుంది.

వడ్డన అయింది. గారెలు మూడోసారి అడిగి తిన్నాక వెంకటసుబ్బారావు నెమ్మదిగా అడిగాడు.

"కాకి ఎలా ఉందమ్మా?"

"బూడిద కోటు వేసుకున్నట్టుండె సారూ."

ఆయన చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. "మా నాన్నగారికీ బూడిద రంగు కోటుండేది. కోర్టుకు అదే వేసుకెళ్ళేవారు" అన్నాడు. శారదాంబ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. కనకవల్లి ఆయన ఆకులో ఇంకో గరిటె పాయసం వేసింది. అందరి నాన్నలూ వచ్చి పోయారు. గిన్నెలు కడిగేసరికి కిటికీలో నీళ్ళు కదిలాయి.

ఇల్లు చేరాక మునిరత్నం ఆమెకు కాఫీ ఇచ్చి, గ్లాసు కింద పెట్టేదాకా ఆగి ఆ మూల గురించి అడిగాడు. ఆమె రెండు ములక్కాడలు తీసుకుని కత్తిపీట మీద గాట్లు పెట్టి ఒకదాన్లో ఒకటి ఇరికించి చూపించింది. ఆయన దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఇది గుడి మూలనా?"

"గుడి కాదు, కొట్టం మూల."

"సరి. గాటు పైదాని కడుపునా, కిందిదాని వీపునా?"

కనకవల్లి కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయింది. చేతికి చలి గుర్తొచ్చింది, నాచు గుర్తొచ్చింది. గాటు గుర్తు రాలేదు.

"ఆ కాకిని అడుగు పో. అదే పోయి గుడి మీద కూర్చునింది" అని కొంగు విసిరి లేచింది. ఆ రోజు సాంబారులో ములక్కాడ లేదు. అవి రెండూ ఎండిపోయి ఇప్పటికీ కిటికీ గట్టు మీదే ఉన్నాయి, ఆయన తీయనివ్వడు.

మొన్న జనార్దనం ఫోను చేశాడు, వచ్చే ఏడాది మళ్ళీ అదే ఓడ అని. మునిరత్నం ఏమీ విననట్టే ఉలికి పదును పెడుతున్నాడు, కానీ రాయి మీద చప్పుడు ఆగింది.

"ఆ దీవి కాడ నిలిచే రోజు అమాసేనా తంబీ? సుమ్మా నోటికొచ్చింది చెప్పొద్దు. క్యాలెండరు చేతిలో పెట్టుకుని చెప్పు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అమాస కాదక్కా" అన్నాడు జనార్దనం. గొంతు తగ్గించి, "ఏకాదశి" అన్నాడు.