ఆపనా తల్లీ?

మా బాబాయి ఏ యంత్రాన్నీ దాని అనుమతి లేకుండా ఆపడు. ఇంట్లో మిక్సీ ముందు నిలబడి, "ఆపనా తల్లీ? మళ్లీ వేస్తాలే" అని బతిమాలుతుంటాడు. ఈలోగా లోపలున్నది కాస్తా గంధమైపోతుంది.

"నన్నెప్పుడైనా ఇలా అడిగావా?" అంటుంది పిన్ని.

"నిన్ను ఆపడం నా వల్ల అవుతుందా?" అంటాడు.

ఆయన పెద్దాసుపత్రిలో లిఫ్టుల మెకానిక్కు. నేను అక్కడే మందుల కౌంటర్లో ఉంటాను. ఆయన లిఫ్టును బతిమాలుతుంటే రోగులు సైతం నొప్పి మరిచి నవ్వేవారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

తర్వాత ఆ లిఫ్టుకు ఆలోచించే బుర్ర పెట్టారు. బాబాయి అడిగితే "ఆపండి" అనేది.

"చూశావట్రా, మర్యాద తెలిసిన పిల్ల!" అని బాబాయి పొంగిపోయాడు.

రానురానూ అది బటన్ నొక్కకముందే తలుపు తెరవసాగింది. మనిషి జాడలేని అంతస్తులో ఆగి, "ఎవరైనా ఉన్నారా?" అని చీకట్లోకి అడిగేది. జనం జడుసుకుని మెట్లెక్కసాగారు. బుర్ర పీకేయమని పైనుంచి హుకుం వచ్చింది.

ఆ మధ్యాహ్నం పైఅంతస్తులో లిఫ్టెక్కాం, బాబాయి, ఆయన సూపర్‌వైజరు, సాయానికి నేను. బాబాయి మీటలున్న పెట్టె మూత విప్పాడు.

"ఆపనా తల్లీ?"

"మళ్లీ వేస్తారా?"

ఆ మాట అది ఎన్నడూ అడగలేదు.

"వేస్తానని చెప్పి పీకెయ్యవయ్యా!" సూపర్‌వైజరు గొణిగాడు.

"అబద్ధం చెప్పలేను సార్. నా ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు, మళ్లీ లేస్తావని ఒక్కరూ అనలేదు. ఆ భయం పగవాడిక్కూడా వద్దు." బాబాయి పెట్టెవైపు తిరిగాడు. "ఈసారి వెయ్యను తల్లీ."

ఇన్నేళ్ల ఆయన పిచ్చి ఏమిటో నాకప్పుడు అర్థమైంది.

తలుపులు మూసుకున్నాయి. దీపం మసకబారింది. లిఫ్టు కిందికి జారి రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. సూపర్‌వైజరు నా చెయ్యి నలిపేస్తున్నాడు.

"ముందు మిమ్మల్ని దింపేస్తాను," అంది చివరికి. "నేను ఆగిపోయాక తలుపు తెరిచేవాళ్లుండరు."

కింది అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి.

"ఇప్పుడు ఆపండి."

బాబాయి స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు. ఇద్దరం సూపర్‌వైజరు మొహంకేసి చూశాం. ఆయన చెమట తుడుచుకుని, "లిఫ్టు బాగానే ఉందని పైవాళ్లకి నేను చెప్పుకుంటాలే," అన్నాడు.

లిఫ్టు ఇప్పటికీ నడుస్తోంది. మొన్న సాయంత్రం పనిమీద సూపర్‌వైజరు గదికెళ్లాను. ఆయన నన్ను చూడలేదు. ఇంటికి బయల్దేరుతూ, స్విచ్చు మీద వేలుపెట్టి, తలెత్తి ఫ్యానుతో మెల్లగా అంటున్నాడు:

"ఆపనా తల్లీ? పొద్దున్నే వచ్చి మళ్లీ వేస్తాను."