సునందక్క పాలగ్లాసు

పాలు పొంగిన వాసన తగిలితే నాకు సునందక్కే గుర్తొస్తుంది. మా పెద్దమ్మ కూతురు. సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం అమీర్‌పేటలో మా ఇంట్లో ఉండేది.

రోజూ పొద్దున్నే అమ్మ ఆమెకి పెద్ద గ్లాసుడు పాలు ఇచ్చేది. "నాకు పాలు పడవు పిన్నీ, మజ్జిగ చాలు" అంటే, "మజ్జిగతో ఏం బలమొస్తుందే?" అని దగ్గరుండి తాగించేది. క్లాసుకెళ్లిన కాసేపటికే అక్క కడుపు పట్టుకుని తిరిగొచ్చేది. అక్కడ కంప్యూటర్ల గదిలోకి చెప్పులు విడిచి వెళ్లాలట. ఆ ఏసీ చలే కాళ్లలోంచి కడుపులోకి ఎక్కుతోందని నేననుకున్నాను.

అందుకే పంజగుట్టలో ఇంటర్వ్యూ ఉన్న రోజు నా స్కూలు సాక్సులిచ్చాను. సగం పాదానికే వచ్చినా నవ్వుతూ వేసుకుంది. అమ్మ ఆ రోజు పాలల్లో బాదంపొడి కూడా కలిపింది. అక్క ఇంటర్వ్యూ మధ్యలోనే లేచి వచ్చేసింది. వట్టి పిరికిదన్నారు ఇంట్లో. కొన్నాళ్లకి ఊరెళ్లిపోయింది.

మొన్న మా పాపకీ అదే కడుపునొప్పి. "పసితనం దాటాక పాలు అరగకపోవడమే చాలామందికి మామూలమ్మా. తరతరాలుగా పశువుల పాల మీద బతికిన వాళ్లలోనే ఆ అరుగుదల ఎక్కువగా నిలిచింది. పెరుగు, మజ్జిగ పెట్టి చూడండి" అన్నారు డాక్టరుగారు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"మజ్జిగే కదే అడిగింది" అంది.