పచ్చికర్ర చప్పుడు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఎక్స్‌రే ఫిల్మ్ తడి ఆరకముందే వార్డుకు వచ్చింది. విజయవాడలో ఒక ఆసుపత్రి ఛాతీ వ్యాధుల విభాగంలో నేను అసిస్టెంటుగా చేరి అప్పటికి మూడేళ్లు. మా చీఫ్ గారు రిటైరై కంకిపాడు వెళ్లిపోయి నెల.

రోగి సాంబయ్య గారు, కొండపల్లిలో బొమ్మలు చెక్కే మనిషి. మూడు వారాలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఆయాసం. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే నిద్రపోతున్నారని ఆయన భార్య చెప్పింది.

ఊపిరితిత్తుల్లో నీరు అని అందరూ అంటారు. నిజానికి ఈ నీరు చేరేది ఊపిరితిత్తి లోపల కాదు, దాని చుట్టూ ఉన్న రెండు పలుచటి పొరల మధ్య. గుండె బలహీనపడినా మూత్రపిండాలు చెడినా తరచు రెండు పక్కలా చేరుతుంది. క్షయ, నిమోనియా, క్యాన్సర్ అయితే ఎక్కువగా ఒక పక్కే. కారణం తేలాలంటే సూదితో కొంత తీసి పరీక్షకు పంపాలి.

చీఫ్ గారు ఎడమచేతి మధ్యవేలు రోగి వీపు మీద ఆనించి, కుడిచేతి మధ్యవేలితో దాని మీద కొడుతూ పైనుంచి కిందికి వచ్చేవారు. గాలి ఉన్నచోట డొల్లగా మోగుతుంది. నీరున్నచోట మోగదు. ఆ హద్దు దగ్గర పెన్నుతో గీత గీశాకే ఫిల్మ్ చూసేవారు. ఆయన వెళ్లిన నెలలోనే నేను ఆ పని మానేశాను. ఫిల్మ్ ఉండగా ఎందుకనిపించింది.

ఫిల్మ్‌లో కుడిపక్క అంతా తెలుపు. గుండె నీడ ఎడమకు జరిగి ఉంది. నీరు ఎక్కువైతే గుండెను అవతలికి నెట్టడం మామూలే. సాంబయ్య గారిని స్టూలు మీద కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు వేసి చేతులు ఆనించమన్నాను. కుడి వీపు అయోడిన్‌తో తుడిచి, పక్కటెముకలు లెక్క తప్పకుండా ఒక్కోదాన్నీ వేలితో తట్టుకుంటూ దిగాను. మత్తు సూది చేతిలోకి తీసుకున్నాను.

"డాక్టరు గారండీ, ఒక్కమాట," అన్నారాయన తల తిప్పకుండా. "మీరు తట్టేది ఎండుకర్రండి. పచ్చిది అటు పక్కుంది."

"ఏ కర్రండీ?"

"పొణికి కర్రండి, బొమ్మలకి వాడేది. తట్టి చూడకుండా ఉలి పెట్టం. తడుంటే చప్పుడు ముద్దగా వస్తదండి. దగ్గొచ్చినప్పుడల్లా మా ఇంటిది వీపు తడతా ఉంటది కదా, ఎడం పక్క పచ్చికర్రలా ఉందే అంటే, కర్ర కాదు, నువ్వు మొద్దువి అంటది."

సూది పక్కన పెట్టి రెండువైపులా తట్టి చూశాను. ఎడమపక్క పైనుంచి కింది దాకా బండను కొట్టినట్టు ఉంది. ఫిల్మ్ దగ్గరికి వెళ్లాను. ఇందాక తడి ఫిల్మ్‌ను నేనే వెనకది ముందుకు తిప్పి తగిలించాను. ఏది ఏ పక్కో తెలిపే సీసపు అక్షరం గుర్తు క్లిప్పు కింద కనబడకుండా పోయింది. ఎడమ నీరు కుడిపక్కన, కుడికి జరిగిన గుండె ఎడమపక్కన కనిపించి అంతా సరిగానే ఉన్నట్టు తోచింది. ఆయన ఊపిరి నడుస్తున్నది కుడి ఊపిరితిత్తి మీదే. సూది దానికి తగిలి గాలి చేరితే అదీ ముడుచుకుపోయేది.

జరిగింది ఆయనకు చెప్పి, ఎడమపక్క గుచ్చాను, ఎముక పై అంచు మీదుగా. కింది అంచున రక్తనాళాలుంటాయి. ఎండుగడ్డి రంగు నీరు వచ్చింది. లీటరు దాటి దగ్గు మొదలవగానే ఆపాను. పరీక్షల్లో క్షయ అని తేలింది. ఆరు నెలల మందులతో నయమై, మళ్లీ ఉలి పట్టారు.

నీరు తీసిన రోజు సాయంత్రమే కంకిపాడు బస్సెక్కాను. చీఫ్ గారు అంతా విన్నారు. కోప్పడలేదు.

"పచ్చికర్ర అన్నాడా? ఇన్నేళ్లు మీకు పాఠం చెప్పాను గాని, ఆ చప్పుడికి ఇంత మంచి మాట దొరకలేదోయ్. ఏదీ, ఇటు తిరుగు," అని నా వీపు మీద వేలు ఆనించి తట్టారు. "ఎండుకర్రే. భోంచేసి వెళ్లు."

రెండేళ్ల తర్వాత ఆయన పోయారు. ఆ వేలు నా వీపు మీద ఎక్కడ ఆనిందో ఇప్పటికీ చూపించగలను.

ఏ పక్కో ముందు రోగిని అడగాలి, తట్టి చూడాలి, ఆ తర్వాతే ఫిల్మ్. ఆ రోజు నేర్చుకున్నది ఇంతే. ఇప్పుడు అల్ట్రాసౌండ్ మంచం దగ్గరికే వస్తుంది. సూది ఎక్కడ దించాలో తెర మీద కనిపిస్తుంది. మా పద్ధతి కంటే అది భద్రమైనది. కిందటి నెల పాత వార్డుకు వెళ్లి ఒక పూట కూర్చున్నాను. అక్కడిప్పుడు వీపు మీద వేలితో తట్టి చూడటం లేదు.