ఎకో తీసిన రోజు

నాచారం, ఉప్పల్ ఫంక్షన్ హాళ్లలో పాటకచేరీలు చేసేవాళ్లకు మైకూ లైట్లూ చూసేది ఎల్లేష్. బీడీ వాసన వేసే వేళ్లతో సౌండ్ మిక్సర్ మీటలను నిమిరినట్టే తిప్పుతాడు. పోయిన నెల మైకు కూతపెట్టిందని ముసలి గాయకుడు శ్రీహరిరావు వేదిక మీంచే, "ఈ గాడిదకి చెవుల్లేవు" అన్నాడు. హాలంతా నవ్వింది. కచేరీ చూద్దామని వచ్చిన ఎల్లేష్ భార్య తల దించుకుంది.

ఈ ఆదివారం శ్రీహరిరావు మళ్లీ పాడాడు. ఆయన గొంతుకు నిండుదనమిచ్చే ఎకోను ఎల్లేష్ పూర్తిగా తీసేసి, తెల్లలైటు ముఖం మీదికి తిప్పాడు. గొంతులోని వణుకూ ముఖం మీది చెమటా అందరికీ తెలిసిపోయాయి. జనం మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. కచేరీ అయ్యాక ఆ ముసలాయన ఎల్లేష్ దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పు బాబూ, నా గొంతు పోయిందా?"

ఎల్లేష్ వైరు చుట్టడం ఆపి ఆయన కళ్లలోకి చూశాడు.

"పోయింది సార్. ఇగ పాడకుండ్రి."