ముందు వరస, తొమ్మిదో నంబరు

అద్దెకు తెచ్చుకున్న క్యాంపర్‌వ్యాన్ తలుపు తీయగానే ఆ నీలం మందు వాసన గుప్పుమంది. బండిలో టాయిలెట్ తొట్టెలో పోసే మందది. నిమ్మకాయా, ఫినాయిలూ, చవకబారు సెంటూ కలిపి కాచినట్టు ఉంటుంది. చిన్నతనం అనగానే జనం మల్లెపూలంటారు, మామిడిపూత అంటారు, తొలకరి మట్టి వాసన అంటారు, అవి చదువుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నా చిన్నతనం ఇదిగో, ఈ వాసన వేస్తుంది. ఎందుకంటే ఏటా, ఈ దేశంలో క్రిస్మస్‌కే వచ్చే వేసవి సెలవుల్లో నాలుగు రోజులపాటు మా కుటుంబం తిన్నదీ, పడుకున్నదీ, కుటుంబ ప్రార్థన చేసుకున్నదీ, క్యాంపులో బళ్లవాళ్లంతా తమ తొట్టెలు మోసుకొచ్చి గుమ్మరించే గుంట పక్కనే.

మా ఆయన హైదరాబాదువాడు, ఈ కివీల దేశానికి చదువుకోడానికొచ్చి ఉండిపోయిన బాపతు. ఈ క్రిస్మస్ సెలవులకి ఏ క్యాంపుగ్రౌండ్‌లో దిగాలో తేల్చడానికి బోటనీ అనే పేటలో మా ఇంటి సోఫా మీద మూడు వారాలు తపస్సు చేశాడు. రివ్యూలు, నక్షత్రాలు, ఆకాశంలోంచి తీసిన వీడియోలు. ఒకచోట షవర్ ధార సన్నగా ఉందని ఎవడో ఏడ్చాడు. ఇంకోచోట సముద్రం చప్పుడు మరీ ఎక్కువగా ఉందని ఒక మహాతల్లి రెండు నక్షత్రాలు కోసేసింది. సముద్రపొడ్డుకి వచ్చి సముద్రం మీద ఫిర్యాదు! "ఇది చూడు, ఫోర్ పాయింట్ ఎయిట్ ఉంది, పిల్లకి ట్రాంపొలిన్ కూడా ఉందంట" అని ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. చూద్దును కదా, చిన్నప్పుడు మేం ఏటా వెళ్లిన అదే దీవి.

నేను పెరిగిన టౌరంగా ఊరి నుంచి గంటన్నర దూరం. పేరు చెప్పను, చెబితే మీరూ వెళ్లి రివ్యూ రాస్తారు. దీవి అన్నానని గొప్పగా ఊహించుకోకండి. ఊరికీ సముద్రానికీ మధ్య అడ్డంగా పడుకున్న సన్నటి ఇసుక మేట అది. ఒకపక్క ఎప్పుడూ రొద పెట్టే సముద్రం, రెండోపక్క మోకాలి లోతు ఉప్పుటేరు, నడుమ ఒకే రోడ్డు, ఒకే వంతెన. క్యాంపులో ముందు వరస దొరికినవాళ్లు మంచం మీంచే సముద్రం చూస్తారు. వెనక వరసవాళ్లు ముందు వరసవాళ్ల వీపులు చూస్తారు.

మా అమ్మకి ముందు వరస కావాలి. నాకు తెలిసి ఆవిడ నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. నరసాపురం దగ్గర సముద్రపొడ్డు పల్లెలో పుట్టి, వంటింట్లోంచే కెరటాల చప్పుడు వింటూ పెరిగిన మనిషి, టౌరంగాకొచ్చి ముసలివాళ్ల రెస్ట్‌హోమ్‌లో, కిటికీ కూడా లేని లాండ్రీ గదిలో, ఊరూ పేరూ తెలియని ముసలివాళ్ల దుప్పట్లు మడతలు పెట్టేది. "లేచీ లేవంగానే సముద్రం కనబడాలే బుజ్జీ, ఒక్కసారి చాలు. మొహం కూడా కడుక్కోకుండా చూస్తా" అనేది.

మా నాన్న కివీపళ్ల ప్యాక్‌హౌస్‌లో పనిచేసేవాడు. ఇంగ్లీషు చదవగలడు, రాయగలడు, నిదానంగా చెబితే అర్థం చేసుకోగలడు, కానీ ఫోన్‌లో తెల్లవాడి గొంతు వినబడితే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడి "యస్ సర్, యస్ సర్" అని పెట్టేసేవాడు. పేరేమిటని అడిగినా యస్ సరే. అమ్మ అసలు ఫోన్ ముట్టుకునేది కాదు. అంచేత తొమ్మిదేళ్లు వచ్చేసరికి మా ఇంటికి నోరంటే నేనే. కరెంటువాళ్లతో నేనే, డాక్టరు దగ్గర నేనే, ఫ్లాట్ ఓనరుతో వేణ్ణీళ్లు రావడంలేదని పోట్లాడిందీ నేనే. నాన్న పక్కన నిలబడి "అడుగు, అడుగు" అని గుసగుసలాడేవాడు. ఆ రోజుల్లో చర్చిలో ప్రతి తెలుగు కుటుంబానికీ ఇలాంటి పిల్లో పిల్లాడో ఉండేవారు, తల్లిదండ్రులు ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లని చూపించి తెగ మురిసిపోయేవారు. ఇంటి పెత్తనం పదేళ్లవాళ్ల చేతికిచ్చి మురిసిపోవడం ఏమిటో, ఆ తెలివికి దండం పెట్టాలి.

అప్పటి వ్యాన్ మాది కాదు, మా చర్చిలో సంసోను అంకుల్‌ది. ఆయన మాకందరికంటే ముందు ఈ దేశం వచ్చినవాడు, ఆసుపత్రిలో నర్సు, కాబట్టి సర్వజ్ఞుడు. వెనక సీట్లు పీకేసి, మంచమూ గ్యాస్ పొయ్యీ బిగించిన పాత వ్యాన్‌ని క్రిస్మస్ మర్నాడు మాకిచ్చి, రెండో రోజు మధ్యాహ్నం భోజనానికి తానే కారులో దిగేవాడు. వచ్చీ రాగానే చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీ మొదలుపెట్టేవాడు: కుళాయికి ఎన్ని అడుగులు, టాయిలెట్‌కి ఎన్ని అడుగులు, రైస్‌కుక్కర్‌కి ప్లగ్గు అందుతుందా, కుక్కలున్నవాళ్లు ఎటువైపు దిగారు. సముద్రం ఆయన ఖాతాలోనే లేదు. "సముద్రం ఎక్కడికి పోద్దమ్మా, నడిచెళ్లి చూసుకుంటాం. అవసరమొస్తే టాయిలెట్ నడిచొస్తదా మన దగ్గరికి?" అని అమ్మకి హితబోధ చేసి, కోడికూర రెండోసారి వడ్డించుకునేవాడు.

అయినా ఆ నాలుగు రోజులూ బాగుండేవని ఒప్పుకోక తప్పదు. పొహుటుకావా చెట్లు ఎర్రటి కుచ్చులు రాల్చి గడ్డంతా ఎర్రగా చేసేవి. క్రిస్మస్‌కి చేసిన గులాబీపూలూ కజ్జికాయలూ పాత ఐస్‌క్రీమ్ డబ్బాల్లో ఎండ వేడికి మెత్తబడి, కొంచెం ఇసుకా కొంచెం నెయ్యీ కలిసి కరకరలాడేవి. నీరు తీసిన వేళ ఉప్పుటేట్లోకి దిగి, మడమలతో బురద తొలిచి పిపి గుల్లలు ఏరి బక్కెట్టు నింపితే, అమ్మ వాటిని ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి ఇగురు పెట్టేది, ఆ ఘాటుకి పక్క బళ్లవాళ్లు దగ్గుకుంటూ కిటికీలు మూసుకునేవారు. నాన్న లుంగీ మీద క్యాంపు కుర్చీలో కూర్చుని క్యాసెట్‌లో తెలుగు ప్రసంగాలు పెట్టుకుని, మొదటి వాక్యానికే నిద్రపోయేవాడు. మధ్యాహ్నమంతా నేను అరువు తెచ్చుకున్న బూగీ బోర్డు మీద బొర్లా పడుకుని కెరటాలతో ఒడ్డుకి కొట్టుకొచ్చేదాన్ని, పొట్టంతా గీరుకుపోయేది.

మొదటి ఏడాది ముందు వరస నిజంగానే ఖాళీ లేదు. క్యాంపు ఓనరు డగ్ అనే ముసలాయన, చెప్పులు కూడా వేసుకోడు, మాటలు సగం ముక్కులోంచీ సగం గడ్డంలోంచీ వచ్చేవి. మా అమ్మకి సముద్రం ముందు చోటు కావాలని నేను చెబితే, పుస్తకంలో రాసుకుని వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఆ ముందు వరసలోనే మా క్లాసులో చదివే హేలీ వాళ్ల తెల్లటి క్యారవాన్ ఉంది. వాళ్లమ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం చదువుకుంటూ ఉండేది, బల్ల మీద పళ్లెంలో చీజ్ ముక్కలు పేర్చి ఉండేవి. నేను హేలీతో ఇసుకలో కూర్చుని ఉండగా అమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నైటీ, దాని మీద తుండుగుడ్డ, చేతులకి చేపపొలుసు, తలకి కారేంత నూనె. "ఒసేయ్ బుజ్జీ! అన్నం చల్లారిపోతందే!" అని బీచంతా దద్దరిల్లేలా కేకేసింది. ఎవరావిడ అని హేలీ అడిగింది. తెలియదన్నాను. అని, లేచి రెండోవైపుకి నడిచిపోయాను.

మరుసటి ఏడు నవంబరులో ఫోన్ చేశాను. నాన్న ఒకపక్క, అమ్మ ఒకపక్క. డగ్ నన్ను గుర్తుపట్టి, ముందు వరసలో తొమ్మిదో నంబరు చోటు మీ అమ్మ కోసం అట్టిపెట్టానన్నాడు. నేను వద్దన్నాను. వెనక వరసలో పాత చోటే కావాలని, అమ్మానాన్నలకి ఒక్క ముక్క అందకుండా, హేలీలా ముక్కుతో గబగబా, ప్లీజ్ మీద ప్లీజ్ పెట్టి చెప్పాను. ముందు వరసలో దిగితే రోజంతా అందరూ మమ్మల్ని చూస్తారు. ముఖ్యంగా అమ్మని చూస్తారు. ఫోన్ పెట్టేసి, ఖాళీ లేదంట అన్నాను.

"పోన్లేవే. పాపం ఎంత బతిమాలావో, ఇన్నాగా" అంది అమ్మ, నా తల నిమురుతూ.

తీరా వెళ్తే తొమ్మిదో నంబరు ఖాళీగా ఉంది. నాలుగు రోజులూ ఖాళీగానే ఉంది. మొదటి సాయంత్రం డగ్ మా వ్యాన్ దగ్గరికొచ్చి, మీ అమ్మ మనసు మార్చుకుంటే ఆ చోటు ఇంకా మీదేనన్నాడు. "ఏమంటన్నాడే?" అంది అమ్మ, మొహం విప్పార్చుకుని. "అటు వెళ్లి కూర్చోవద్దంటున్నాడు" అన్నాను. నాన్న "యస్ సర్" అన్నాడు. మర్నాడు సంసోను అంకుల్ వచ్చి, ఆ ఖాళీ చోటు ముందు నిలబడి తీర్పు చెప్పేశాడు. "ఖాళీగా ఎండబెట్టుకుంటారు గానీ మన మొహాలకివ్వరమ్మా. రంగు, అంతా రంగు! నేను పదేళ్లుగా చూస్తన్నాగా." ఆదివారానికల్లా చర్చి అంతా తెలిసిపోయింది.

అబద్ధమాడినవాళ్లకి అవతలివాణ్ణి అసహ్యించుకోవడం ఎంత సులువో నాకు పన్నెండో ఏటే తెలిసింది. మూడేళ్లు అదే ఫోన్, అదే నాటకం. డగ్ చేపల వేటకెళ్లొచ్చిన రోజు పెద్ద కహవాయ్ చేపని న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి ఇచ్చేవాడు. చేప అంటే ప్రాణం పెట్టే మా అమ్మ, ఎవర్నీ పల్లెత్తు మాట అనని మా అమ్మ, "నో. నో ఫిష్" అని వ్యాన్ తలుపు వేసేసేది. ఆయన కాసేపు నిలబడి, తను చేసిన తప్పేమిటో అర్థంకాక, నావైపు చూసేవాడు. నేను బూగీ బోర్డుకున్న ఇసుక గోకుతూ ఉండేదాన్ని. ఆ మరుసటి ఏడు అంకుల్ వ్యాన్ అమ్మేశాడు, అంతటితో ఆ దీవి పీడ వదిలిందనుకున్నాను.

ఇన్నేళ్ల తర్వాత మా ఆయన ఫోన్‌లో ఆ దీవి చూసి, తొమ్మిదో నంబరు నేనే బుక్ చేశాను. మాట్లాడాల్సిన పని లేకుండా, మూడు నొక్కులతో. టౌరంగాలో ఆగి అమ్మని ఎక్కించుకున్నాం. నాన్న క్రికెట్ ఉందని రానన్నాడు. వెళ్లి చూస్తే క్యాంపు ఆఫీసులో మనిషి లేడు, ఒక తెర ఉంది. గేటుకి నంబరు నొక్కాలి. కృత్రిమ గడ్డి, రంగు దీపాలు, వెదురు కర్రలతో కట్టిన సెల్ఫీ మూల. నేను చెప్పిన వెనక వరస కనబడక మా ఆయన మ్యాపు తిప్పుతూ నిలబడ్డాడు. వెనక వరస ఎక్కడికీ పోలేదు. ముందు వరసే పోయింది. ఈ ఇరవయ్యేళ్లలో సముద్రం ఇసుకని కోసుకుంటూ వచ్చి దాన్ని మింగేసింది. మేం పడుకున్న పాత చోటుకే ఇప్పుడు తొమ్మిదో నంబరు తగిలించి, ప్రీమియం సీ వ్యూ అని బోర్డు పెట్టారు. టాయిలెట్లు రోడ్డు అవతలికి పోయాయి. డగ్ గురించి బాత్రూములు కడిగే అమ్మాయిని అడిగితే, పాత ఓనరా, ఆయన ఎప్పుడో చనిపోయాడంట కదా అంది.

అమ్మకి అవేవీ పట్టలేదు. కుర్చీ తెచ్చి సముద్రానికి ఎదురుగా వేసుకుని, నైటీ మీద తుండుగుడ్డ సర్దుకుని, తొమ్మిదేళ్ల మా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టింది. "ఆ రోజుల్లో ఇక్కడొక ముసలోడు ఉండేవోడు. మనోళ్లంటే పడదు. మీ అమ్మ ఇంతుండేది, ఫోన్లో ఎంత బతిమాలేదో! ప్లీజ్ ప్లీజ్ అనేది. అయినా ఇవ్వలేదు."

పాపకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. నావైపు తిరిగింది. "మమ్, వాజ్ హి రేసిస్ట్?"

అవునంటే సరిపోయేది. ఇన్నేళ్లూ సరిపోయింది. "కాదు" అన్నాను తెలుగులోనే, అమ్మకి అందేలా. "ఆయన ఏటా ఇస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఎందుకే?"

"నువ్వు అందరికీ కనిపిస్తావని."

అమ్మ పాపని ఒళ్లోంచి దింపింది. "ఆయనకి చెప్పావా ఎప్పుడన్నా?" అంది. లేదన్నాను. "ఇప్పుడు ఎక్కడున్నాడు?" అంది. చెప్పాను.

అమ్మ లేచి, కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని, వ్యాన్ వెనక్కి వెళ్లి రోడ్డు వైపుకి తిప్పి వేసుకుని కూర్చుంది. పాప వెంట వెళ్లబోతే నేను ఆపాను. సముద్రం ముందు చోటు సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది.