సాలమ్మవ్వ సంచి

2023 జనవరి. చోరనూరు దగ్గర ఒక పల్లెలో సర్కారు బడికి నేను హెచ్ఎంని. ఇల్లు బళ్ళారి గాంధీనగర్‌లో. రెండు బస్సులు మారి బడికి చేరేసరికే నాకు సగం కోపం వచ్చేసి ఉంటుంది. ఆ రోజు అదంతా హనుమక్క మీద పడింది.

ఆమె కూలి మనిషి. ఏడో తరగతి చదివే కూతురు రేణుకకు టీసీ కావాలని వచ్చింది. టీసీ అంటే పిల్ల మా బడి విడిచిపోతోందని మేమిచ్చే కాగితం. వేరే బడిలో చేర్చడానికి కాదు, చదువు మానిపించడానికే. లెక్కల్లో రేణుకను మించినవాళ్ళు మా బడిలో లేరు. మిరపకాయ కోతలు మొదలయ్యాక రెండు వారాలుగా రావడం లేదు.

"బంగారంలాంటి పిల్లను కూలికి తోలుతావా? మనసెట్లా ఒప్పిందమ్మా నీకు?" అని గట్టిగానే అరిచాను.

హనుమక్క తల దించుకోలేదు. "దాంతో కాయలు కోయిస్తాండానని ఎవురు చెప్పినారు సార్? ఇంట్లో సంటిబిడ్డ ఉండాది. అంగన్‌వాడీ తెరిచేది పదికి, మా కూలి ఆటో పొయ్యేది ఆరుకి. నేను కోస్తాంటే వాణ్ణి ఎవురు ఎత్తుకోవల్ల? మీరొచ్చి ఎత్తుకుంటారా?"

రెండు వారాలు రిజిస్టరులో ఆబ్సెంటు వేశానే గాని, పిల్ల ఎక్కడుందో ఒక్కసారైనా వాకబు చేయలేదు. సిగ్గేసింది. టీసీ రేపిస్తానని పంపించేశాను.

మరునాడు బడికంటే ముందు హనుమక్క కోతకెళ్ళే చేనికి వెళ్ళాను. కూలీలను కూడగట్టి ఆటోలో తీసుకొచ్చే మేస్త్రీ నాగమ్మ అక్కడే ఉంది. గట్టు మీద రేణుక తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, పుల్లతో మట్టిలో భాగహారం చేస్తోంది. నాగమ్మకు అది చూపించాను.

ఆమె చేలోకి తిరిగి కేకేసింది. "ఏమ్మే, ఇనండి! రేపట్నుంచి సాలమ్మవ్వ మనతో వస్తాది. నడుము వంగక కోతలు మానేసిందిగదా, కూచోని పిల్లోళ్ళను చూసుకుంటాది. తలా నాలుగు దోసిళ్ళు అవ్వ సంచిలో ఎయ్యల్ల. బడికి పొయ్యే పిల్ల నా ఆటో ఎక్కేది లేదు, అంతే!"

అక్కడ కూలి సంచుల లెక్కన; అవ్వ సంచి నిండితే ఆ కూలి అవ్వకే. ఒక్కో దోసెడూ వాళ్ళ కష్టమే. అయినా, "నాలుగేంది, ఐదేస్తాం లేక్కా!" అన్నదెవరో. అందరూ నవ్వారు. హనుమక్క మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కోతలైపోయేదాకా సాలమ్మవ్వ సంచి రోజూ నిండింది. రేణుక ఇప్పుడు పదో తరగతి.

నా సర్వీసంతా చదువు విలువ గురించి ఉపన్యాసాలిచ్చాను. అది నాకంటే బాగా తెలిసినవాళ్ళకే ఇచ్చానని ఆ గట్టు మీద తెలిసింది. ఇప్పుడు ఏ పిల్ల బడికి రాకపోయినా ఇంటికెళ్ళి మొదట అడిగేది ఒకటే. "సంటిబిడ్డను ఎవురు చూసుకుంటాండారమ్మా?"