అద్దంలో శాంతమ్మ కాలు

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం. సూరత్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను. మా విభాగం మూడో అంతస్తులో, పడమటి వైపు. మధ్యాహ్నం దాటితే కర్టెన్ల సందుల్లోంచి ఎండ పలచగా నేల మీద పరుచుకునేది. కింద వీధుల్లోంచి మగ్గాల చప్పుడు ఎడతెరిపి లేకుండా వచ్చేది. కొత్త పేషెంట్లకు అది చిరాకు. వారం తిరిగేసరికి ఆ చప్పుడులోనే కునుకు తీసేవాళ్లు. నేనూ తీసేదాన్ని, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

శాంతమ్మ సరిగ్గా ఆ వేళకే వచ్చేది. ఊళ్లోనే లింబాయత్ అనే పేటలో, ఇంటి దగ్గరే కూర్చుని చీరలకు మెరుపురాళ్లు అతికించే పని ఆమెది. భర్త పోచయ్య మగ్గం నడుపుతాడు. ఇద్దరిదీ జగిత్యాల వైపు. షుగరు ముదిరి పాదం నల్లబడితే, సంక్రాంతి పతంగుల పండగ వెళ్లాక ఆమె ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. శాంతమ్మ సూరత్ వచ్చాక యేసును నమ్ముకుంది. పోచయ్య నమ్మలేదు, ఆమెను ఆపనూ లేదు. తీసేసిన కాలిని సమాధుల తోటలో పాతిపెట్టాల్సిందేనని ఆమె పట్టుబడితే, డాక్టర్లను బతిమాలి తీసుకెళ్లి, గుంట తవ్వి పూడ్చింది ఆయనే.

గాయం చక్కగా మానింది. ఇక ప్రోస్థెసిస్, అంటే కృత్రిమ కాలు తొడిగి నడిపించడమే తరువాయి. చిక్కు అక్కడే వచ్చింది.

"ప్లాస్టిక్ కాలు నాకెందుకు మేడమ్? నా కాలే నాకస్తాంది," అంది.

"ఎలా వస్తుందమ్మా?"

"తెల్లారంగ వేళ్లు కదుల్తయి. తడి మట్టిల పెట్టినట్టు సల్లగుంటది. నిన్న దోమ కుట్టింది. గోకుదామని చెయ్యి వెడితే పరుపే ఉన్నది." చెబుతూ చెబుతూ కళ్లు మూసుకుంది. "విత్తనం లెక్క మట్టిల పెట్టినం గద. దేవుడు లేపుతాండు. ఈస్టర్ కల్లా జూడు నువ్వు."

దీన్ని మేము ఫాంటమ్ లింబ్ అంటాం. అవయవం పోయినా అది ఉన్నట్టే అనిపించడం. కాలు పోతుంది కానీ మెదడులో దాని చోటు అలాగే ఉంటుంది. ఈ మాత్రం పాఠం చెప్పడం నాకు చిటికెలో పని. కానీ ఈమెకు ఏ నోటితో చెప్పను? నేను పుట్టు క్రైస్తవురాలిని. కాకినాడలో మా ఇంట్లో ఈస్టర్ అంటే తెల్లబట్టలు, చీకటితోనే లేచి సమాధుల దగ్గర కొవ్వొత్తులు, మధ్యాహ్నం బిర్యానీ. పునరుత్థానం గురించి బోలెడు ప్రసంగాలు విన్నాను. ఒక్కటీ నా ఒంటికి సంబంధించిన సంగతిగా వినలేదు. ఈమె చూస్తే వేళ్లు కదులుతున్నాయంటోంది.

అలాగని ఊరుకుంటే కుదరదు. నడక మొదలుపెట్టకపోతే మోకాలు వంగి బిగుసుకుపోతుంది. కాంట్రాక్చర్ అంటాం. అది వచ్చాక ఏ కాలూ సరిగ్గా తొడగలేం. వాళ్లుండేది మేడ మీద గది, నిలువు మెట్లు. ఆమె ఇక ఆ గదిలోంచి సొంతంగా దిగదు. గట్టిగానే మందలించాను. శాంతమ్మ నవ్వింది.

"నా మాట ఇనది మేడమ్," అన్నాడు పోచయ్య. "గా కాలును నేనే పాతిపెట్టిన. లేసొస్తే ముందుగాల నాకు తెల్వదా?"

ఈస్టర్ ఇంకో వారముందనగా ఆమె ఏడుస్తూ వచ్చింది. లేని వేళ్లు ముడుచుకుపోయి మంట పెడుతున్నాయట. ఇలాంటి నొప్పికి మిర్రర్ థెరపీ అని ఒకటుంది. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెడతాం. కుడి కాలి నీడ అద్దంలో ఎడమ కాలిలా కనబడుతుంది. కుడి కాలిని కదిలిస్తుంటే లేని కాలు కదిలినట్టనిపించి, ఆ బిగువు మెల్లగా విడుతుంది.

అద్దం పెట్టాను. శాంతమ్మ అందులోకి చూసింది. మడమ, మెట్టె పెట్టిన వేలు, ఎండ పడి మెరుస్తున్న గోళ్లు. వేళ్లు మెల్లగా చాచింది, ముడిచింది, మళ్లీ చాచింది. మొహంలో నొప్పి కరిగిపోయింది. మగ్గాల చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపించింది నాకు. ఒక్క క్షణం నేనూ ఆమెకు రెండు కాళ్లున్నాయనే అనుకున్నాను.

"లేసింది బిడ్డా," అంది.

మరుక్షణమే ఆమె తన చేత్తో అద్దాన్ని పక్కకు తోసింది. అక్కడ పరుపు మీద ఎండ తప్ప ఏమీ లేదు.

"అది నీ కుడి కాలే అమ్మా," అన్నాను మెల్లగా. "ఎడమ కాలు నీ తలలో ఉంది. మట్టిలో మొలవడం లేదు."

ఆమె మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నొప్పి తీసేయబోయి ఆమె దేవుణ్ణే తీసేశానేమోనని భయం పట్టుకుంది.

సూరత్ వచ్చాక ఎప్పుడూ వెళ్లనిదాన్ని, ఆ ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లాను. ఆమె కోసమే వెళ్లాను. మసక చీకట్లో తెల్లచీరలు, కొవ్వొత్తులు, మల్లెల వాసన, సన్నగా పాట. ఒక మూల పోచయ్య వీపు మీంచి శాంతమ్మ దిగుతోంది. ఎదురుగా సున్నం వేసిన బుల్లి దిబ్బ. అందరూ అమ్మకో నాన్నకో కొవ్వొత్తి వెలిగిస్తుంటే, ఆమె తన కాలికి వెలిగించింది. నన్ను చూసి పక్కన కూర్చోమన్నట్టు చెయ్యి చాపింది.

పాస్టరు గారు వాక్యం చదివారు. లేచిన యేసు గదిలోకి వచ్చి, నమ్మలేకపోతున్న స్నేహితులకు తన చేతులు చూపించిన సంగతి. శాంతమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"మేడమ్, గాయ్న చేతులకు మేకుల బొక్కలు అట్లనే ఉన్నయా?"

"ఉన్నాయమ్మా."

"లేసినంక గూడ?"

"లేచాక కూడా."

కొవ్వొత్తికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టింది. తూరుపు తెల్లబడుతోంది. పాట ఆగి, మళ్లీ మొదలైంది.

"సమాధిలకెల్లి లేసినోడు గంత బొక్క పూడ్సుకోలేడా?" అంది, తనలో తను అనుకున్నట్టు. "కావాల్ననే ఉంచుకున్నడు." మోకాలి కింద ముగిసిపోయిన కాలిని చీర మీంచే నిమిరింది. "అయితే నేను గిట్లనే లేస్త. ఏమైతది?"

నాకు ఏడుపొచ్చింది. చిన్నప్పటి నుంచీ విన్న కథే అది. ఆ గాయాలు అక్కడెందుకున్నాయని ఒక్కసారీ అడగలేదు నేను.

"మరి సోమారం దవాఖానకు తీస్కపోవాల్నా?" పోచయ్య అడిగాడు.

"తీస్కపోక? ఎన్నొద్దులు మోస్తవ్ నన్ను?" అంది శాంతమ్మ.

కొలతలు తీసి కాలు చేయించాం. తొడిగి చూశాక ఒక్క రాత్రికి ఇంటికి పట్టుకెళ్తానంది. మర్నాడు చూద్దును కదా, చీలమండ చుట్టూ పట్టీలా మెరుపురాళ్లు అతికించి ఉన్నాయి. పారలల్ బార్స్, అంటే నడక నేర్పే జంట కడ్డీల మధ్య, వాటిని మెరిపించుకుంటూ నడిచింది. మా డాక్టరు గారు నోరు తెరుచుకుని చూస్తుండిపోయారు.

పోయింది మునుపున్నట్టే తిరిగి రావడమే పునరుత్థానమని అనుకునేదాన్ని. ఇప్పుడు నా దగ్గరికి కాలో చెయ్యో పోయినవాళ్లు వస్తే, లేచి నిలబడినవాడు గాయాలతోనే నిలబడ్డాడని ముందు నాకు నేను గుర్తు చేసుకుంటాను. తర్వాతే పని మొదలుపెడతాను.

మరుసటి ఈస్టర్‌కు శాంతమ్మ నడిచే వచ్చింది, పోచయ్య భుజం ఆసరాతో. దిబ్బ దగ్గర కొవ్వొత్తి పెట్టి, మట్టిని అరచేత్తో తట్టింది.

"నువ్వు గీడనే పండుకో," అంది మట్టిలో ఉన్న తన కాలితో. "గాయ్న పిలిచిన్నాడు ఇద్దరం కల్సి లేద్దం. అప్పటిదాంక నేను నడుస్తుంట."